కోల్‌మన్ ఇల్లు ఎందుకు మిగల్లేదు

మేముండే క్రాంజీ వైపు చూడ్డానికి ఏముందని ఇండియా నుంచి వచ్చే చుట్టాలు అడుగుతుంటారు. యుద్ధ స్మారకం ఉంది, మడ అడవులున్నాయి, తోటలున్నాయి, జలసంధి దాటితే మలేషియా. రెండొందల ఏళ్ళనాటి ఇల్లు మాత్రం ఒక్కటి కూడా లేదు. క్రాంజీ అన్నది అసలు ఒక చెట్టు పేరు. మలయ్‌లో కెరాంజీ అనే ఆ చెట్టు కాయలో గుజ్జు మన చింతపండులా పుల్లగా, తియ్యగా ఉంటుంది. పట్నం నుంచి దీవికి అడ్డంగా ఇక్కడిదాకా మొదటి రోడ్డు పడింది 1845లో. అదే ఇప్పటి బుకిట్ తిమా రోడ్డు. సింగపూర్ పట్నానికి వీధులు వేయించి, కొలతలు తీసి, మ్యాపు గీసిన మనిషి ఆ రోడ్డు పూర్తి కావడానికి ఏడాది ముందే పోయాడు.

ఆయన పేరు జార్జ్ డ్రమ్‌గూల్ కోల్‌మన్. ఫునాన్ మాల్‌కి వెళ్ళిన వాళ్ళందరూ ఆయన పేరున్న వీధి దాటే ఉంటారు. లాపా సాత్‌లో సాటే తిన్నవాళ్ళు ఆయన గీసిన ఆకారంలోనే కూర్చుని తిన్నారు. ఎనిమిది మూలల ఆ మార్కెట్ రూపం 1830ల్లో ఆయన కట్టిన తెలోక్ ఆయర్ మార్కెట్ నుంచి వచ్చింది. ఇప్పుడున్న ఇనుప కట్టడం తర్వాతిదే అయినా ఎనిమిది మూలలు మాత్రం మారలేదు.

కోల్‌మన్ 1795లో ఐర్లండ్‌లో, డబ్లిన్‌కి ఉత్తరాన ఉన్న డ్రోహెడా అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి ఇళ్ళు కట్టే సామాను అమ్మే వర్తకుడు. ఇంగ్లండు సింహాసనం మీద జార్జి పేరున్న రాజులు వరసగా నలుగురు, 1714 నుంచి 1830 వరకు ఉన్నారు కాబట్టి ఆ కాలపు ఇళ్ళని జార్జియన్ ఇళ్ళంటారు. డబ్లిన్‌లో, లండన్‌లో, బాత్‌లో ఇప్పటికీ కనిపించే వరస ఇళ్ళు అవే. గోడకు గోడ ఆనుకుని, అన్నీ ఒకే ఎత్తున ఉంటాయి. పొడుగాటి కిటికీలు పై అంతస్తుకు పోయేకొద్దీ పొట్టివవుతాయి. వీధి తలుపు మీద అరచందమామలా ఒక అద్దం ఉంటుంది. ఒక్కో ఇంటికి వేరే సింగారం ఉండదు, వీధంతా కలిసి ఒకే భవనంలా కనిపించాలన్నది లెక్క. కోల్‌మన్ పెరిగింది ఆ వాతావరణంలో.

ఇరవై ఏళ్ళు నిండాయో లేదో, 1815లో కలకత్తా వచ్చేశాడు. అక్కడ వర్తకులకి ఇళ్ళు కట్టాడు. తర్వాత జావా వైపు వెళ్ళే ప్రయత్నాల్లో ఉండగా 1822లో సింగపూర్ చేరాడు. అప్పటికి ఈస్టిండియా కంపెనీ ఇక్కడ జెండా పాతి మూడేళ్ళే అయింది. రాఫిల్స్ దొరకి కొండ మీద, అంటే ఇప్పటి ఫోర్ట్ కానింగ్ మీద, ఒక నివాసం కట్టిచ్చాడు. రాజభవనం కాదు, చెక్క గోడలు, తాటాకు లాంటి అత్తాపు కప్పు. ఊరి నక్షా విషయంలోనూ రాఫిల్స్ ఆయన సలహా తీసుకున్నాడు.

ఆ నక్షాతో పాటు రాఫిల్స్ పెట్టిన ఒక నిబంధన మన లిటిల్ ఇండియాలో రోజూ మనకి పనికొస్తోంది. వీధి వెంట కట్టే ప్రతి ఇంటి ముందూ కప్పున్న నడక దారి వదలాలి, అది అందరికీ తెరిచి ఉండాలి. మలయ్‌లో కాకి లీమా, అంటే అయిదడుగులు, అని పిలిచే వసారా అదే. మన ఊళ్ళలో అరుగు ఇంటివాళ్ళది, దయతలిచి దారినపోయేవాళ్ళని కూర్చోనిస్తాం. ఇక్కడ అది చట్టప్రకారం అందరిదీ. వానలో తడవకుండా సెరంగూన్ రోడ్డు ఈ కొస నుంచి ఆ కొసకి నడవగలుగుతున్నామంటే అందుకే. ఈ వరస దుకాణం ఇళ్ళే జార్జియన్ వరస ఇళ్ళకి సింగపూర్ చుట్టాలు అని నా లెక్క. పక్కింటితో ఉమ్మడి గోడ, వీధి వైపు సన్నటి ముఖం, లోపలికి రైలు పెట్టెలా పొడుగు. మధ్యలో గాలీ వెలుతురూ పడే ఖాళీ, వాన నేరుగా లోపల పడుతుంది. మండువా ఇంట్లో పెరిగిన వాళ్ళకి దాన్ని వివరించి చెప్పక్కర్లేదు.

రాఫిల్స్ 1823లో వెళ్ళిపోయాడు. కోల్‌మన్ కూడా జావా వెళ్ళి, 1826లో తిరిగొచ్చాక ఇక్కడే పాతుకుపోయాడు. 1827లో మాక్స్‌వెల్ అనే స్కాట్లండు వర్తకుడికి నది పక్కన పెద్ద ఇల్లు కట్టాడు. ఆ వర్తకుడు అందులో కాపురమే పెట్టలేదు. ప్రభుత్వానికి అద్దెకిస్తే కచేరీ అయింది, కోర్టు అయింది, దేశం ఏర్పడ్డాక 1999 దాకా పార్లమెంటు అయింది. ఇప్పుడు ఆర్ట్స్ హౌస్. మధ్యలో ఎన్నిసార్లు పెంచి మార్చారో, కోల్‌మన్ వచ్చి చూస్తే తనదేనా అని అనుమానపడతాడు. కానీ నిలబడి ఉంది.

1829లో తనకోసం ఒక ఇల్లు కట్టుకున్నాడు. ఇప్పుడు కోల్‌మన్ స్ట్రీట్ అంటున్న వీధిలో మూడో నంబరు. ఇటలీ శిల్పి పల్లాడియో పద్ధతిలో కొలతలు కుదిరిన ఇల్లే, కానీ ఈ ఎండకీ వానకీ తగ్గట్టు వెడల్పు వరండాలు, ముందుకు చొచ్చిన చూర్లు, గాలాడే రెక్కల కిటికీలు, ఎత్తయిన గదులు. నేను బీఎస్సీ చదివింది హైదరాబాద్ కోఠి మహిళా కళాశాలలో. మా కాలేజీ పాత భవనం కూడా ఇదే బాపతు. బ్రిటిష్ రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ కోసం మద్రాసు ఇంజినీర్ల దళానికి చెందిన శామ్యూల్ రస్సెల్ 1800ల మొదట్లో కట్టినది, ఎత్తయిన స్తంభాలు, మెట్ల పక్కన సింహాలు. కెమిస్ట్రీ రికార్డులు పట్టుకుని ఆ స్తంభాల మధ్య తిరిగిన మాకు దాన్ని జార్జియన్ అంటారని కూడా తెలీదు. సింగపూర్ వచ్చాక ఆర్మీనియన్ చర్చి ముందు నిలబడితే ఎక్కడో చూసిన ఇల్లులా అనిపించి, అప్పుడు చదవడం మొదలుపెట్టాను.

కోల్‌మన్‌ని 1833లో పబ్లిక్ వర్క్స్ సూపరింటెండెంటుగా వేశారు. రోడ్లు, కాలవలు, భూమి సర్వే, వాటితో పాటు ఖైదీల కూలీ అజమాయిషీ కూడా ఆయనదే. మనవాళ్ళ కథ ఇక్కడ కలుస్తుంది. సుమత్రాలోని బెంకూలెన్‌ని కంపెనీ డచ్చివాళ్ళకి వదిలేసినప్పుడు, అక్కడున్న భారతీయ ఖైదీలని 1825లో సింగపూర్‌కి తరలించారు. ఏప్రిల్‌లో మొదట దిగిన 80 మంది మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి శిక్షపడ్డవాళ్ళు. ఆ వెనకే బెంగాలు నుంచి వచ్చిన 122 మంది. ఆనాటి మద్రాసు ప్రెసిడెన్సీ అంటే గంజాం నుంచి విశాఖ, గోదావరి, గుంటూరు, నెల్లూరు, కడప అన్నీ అందులోవే. చిత్తడి నేలలు పూడ్చింది, నార్త్ బ్రిడ్జ్ రోడ్డు, సౌత్ బ్రిడ్జ్ రోడ్డు వేసింది ఆ చేతులే. కోల్‌మన్ గీశాడు, వాళ్ళు మోశారు. పుస్తకాల్లో మాత్రం కోల్‌మన్ కట్టాడు అనే ఉంటుంది, ఈ వ్యాసంలో నేనూ అలాగే రాస్తున్నాను, వేరే పేర్లు దొరకవు కాబట్టి. మా క్రాంజీ స్మారకం గోడల మీద రెండో ప్రపంచ యుద్ధంలో పోయినవాళ్ళ పేర్లు 24 వేలకు పైగా చెక్కి ఉన్నాయి, మన సిపాయిలవి కూడా. రోడ్లు వేసిన ఖైదీలకి అలాంటి గోడ లేదు.

పిల్లలకి చెప్పడానికి బాగుండే సంఘటన ఒకటుంది. 1835లో ఊరి శివార్లలో కోల్‌మన్, కొందరు ఖైదీలు కొత్త రోడ్డు కోసం అడవిలో కొలతలు తీస్తుంటే పులి ఒకటి దూకింది. మనుషులెవరికీ ఏమీ కాలేదు, కొలిచే థియోడొలైట్ మాత్రం కిందపడింది. చాలా ఏళ్ళ తర్వాత లాయిట్‌మన్ అనే జర్మన్ చిత్రకారుడు ఆ సంగతిని బొమ్మ గీశాడు. ఆ బొమ్మ నేషనల్ మ్యూజియం వాళ్ళ దగ్గర ఉంది. పులి మరీ సర్కస్ పులిలా ఉంటుంది గానీ, పక్కన కంగారుపడుతున్న ఖైదీల ముఖాలు చూడండి. వాళ్ళ బొమ్మ మిగలడమే అరుదు.

అదే ఏడాది జనవరి ఒకటిన ఆర్మీనియన్ చర్చికి పునాదిరాయి పడింది. కోల్‌మన్ కట్టినవాటిలో అన్నిటికన్నా మంచిది ఇదేనని పండితులంటారు. నాకూ అదే అనిపిస్తుంది. చిన్న చర్చి. లోపల గుండ్రటి గది, బయట మూడు వైపులా స్తంభాల మండపాలు, ఎండ లోపలికి రాదు, గాలి ఆగదు. ఇలాంటి గుండ్రటి నమూనా మద్రాసులో ఎగ్మూరు సెయింట్ ఆండ్రూస్ చర్చిలో కూడా ఉంది, అది 1821 నాటిది. కోల్‌మన్ మొదట పెట్టిన గంట గోపురం బరువుకి ఆగదని తర్వాత తీసేశారు. ఇప్పుడు కనిపించే మొనదేలిన శిఖరం 1853లో వచ్చింది, వేరే వాళ్ళ పని.

నన్ను ఆపింది చర్చి అందం కంటే దాన్ని కట్టించినవాళ్ళ లెక్క. అప్పుడు సింగపూర్‌లో ఉన్న ఆర్మీనియన్ కుటుంబాలు ఓ డజను. ఖర్చు అయిదు వేల స్పానిష్ డాలర్ల పైచిలుకు. తమలో తాము వేసుకున్నారు, ఇండియాలోనూ జావాలోనూ ఉన్న తమవాళ్ళని అడిగారు, మిగతాది ఊళ్ళో పోగుచేశారు. 1836 మార్చిలో చర్చి తెరిచారు. ఇప్పటికీ అదే కొద్దిమంది సంతతి, కొత్తగా వచ్చినవాళ్ళు కలిసి దాన్ని చూసుకుంటున్నారు. సింగపూర్ జాతీయ పుష్పం వాండా మిస్ జోకిమ్‌కి పేరిచ్చిన ఆగ్నెస్ జోకిమ్ సమాధిరాయి ఆ ఆవరణలోనే ఉంది, ఆవిడా ఆర్మీనియనే. మన సంఘాల్లో ఉగాదికి హాలు అద్దె దగ్గరే చర్చ తెల్లారిపోతుంటే, పన్నెండు ఇళ్ళవాళ్ళు ఇంత పని చేశారా అని నేను ఆశ్చర్యపోతుంటాను.

ఇక సున్నం సంగతి చెప్పకపోతే కెమిస్ట్రీ చదివి లాభం లేదు. ఆ కాలపు గోడలు ఇటుక, పైన సున్నపు పూత. దాన్ని ఇంగ్లీషువాళ్ళు మద్రాస్ చునాం అనేవారు. కోల్‌మన్ పోయాక ఖైదీలు కట్టిన సెయింట్ ఆండ్రూస్ కేథడ్రల్‌కి వాడిన వంటకం రాసిపెట్టి ఉంది. గుల్ల సున్నం, కోడిగుడ్డు తెల్లసొన, బెల్లం లాంటి ముతక చక్కెర, కొబ్బరి పీచు నానబెట్టిన నీళ్ళు. పూత ఆరాక నున్నటి రాయితో మెరిసేదాకా రుద్దేవారు. మన వైపు గానుగ సున్నం, డంగు సున్నం అంటూ కరక్కాయ, బెల్లం కలిపేవారే, ఆ చేతివాటమే సముద్రం దాటింది. గుల్లని కాలిస్తే బొగ్గుపులుసు గాలి పోతుంది, నీళ్ళు పోస్తే సున్నం పువ్వవుతుంది, గోడకి పూశాక గాలిలోంచి అదే వాయువుని ఏళ్ళ తరబడి పీల్చుకుని మళ్ళీ రాయవుతుంది. అది తేమని లోపలికీ బయటికీ పోనిస్తుంది. అలాంటి గోడకి సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుకుని ఇటుక పొడిపొడి అవుతుంది. పాత ఇళ్ళు బాగుచేయిస్తున్నామని సిమెంటు కొట్టించే మన పల్లెల్లో మేస్త్రీలకి ఇది చెప్పేవాళ్ళు కావాలి.

చర్చి తర్వాత ఆయన చేతిలో ఊరు ఇంకా మారింది. మొదటి సెయింట్ ఆండ్రూస్ చర్చి ఆయనదే. రెండుసార్లు పిడుగుపడి, చివరికి 1855లో కూల్చేశారు. 1840లో నది మీద వంతెన కట్టాడు. కాల్డ్‌వెల్ అనే గుమస్తాకి 1840-41లో కట్టిన ఇల్లు అర్ధవృత్తంగా ముందుకొచ్చిన గదితో ఇప్పటికీ ఉంది. 1850ల్లో అది ఫ్రెంచి సన్యాసినుల బడికి చేరింది, 1983 దాకా ఆడపిల్లలు చదువుకున్నారు. ఇప్పుడు ఆ ఆవరణ పేరు చైమ్స్, హోటళ్ళు, పెళ్ళి వేడుకలు.

ఆయన సొంత జీవితం గురించి తెలిసేది తక్కువ. టకోయ్ మనుక్ అనే మహిళతో ఒక కూతురు, పేరు మీడా ఎలిజబెత్. పదిహేనేళ్ళు ఆగకుండా పనిచేసి 1841లో యూరప్ వెళ్ళాడు. మరుసటి ఏడు మరియా వెర్నన్‌ని పెళ్ళిచేసుకున్నాడు. అక్కడ ఉండలేకపోయాడు. మనలో ఎంతమందిమి ఇంటికి వెళ్ళిపోదాం అనుకుని, వెళ్ళి, ఆరునెలలకే తిరిగి టికెట్ కొన్నాం! 1843 నవంబరులో భార్యతో సింగపూర్ వచ్చేశాడు. కొడుకు పుట్టాడు. 1844 మార్చి 27న జ్వరంతో పోయాడు, 49 ఏళ్ళు కూడా దాటలేదు. తను రాఫిల్స్‌కి ఇల్లు కట్టిన కొండ మీదే పాతిపెట్టారు.

ఆయన ఇల్లు తర్వాత హోటలయింది, పేర్లు మార్చుకుంటూ చాలాకాలం హోటల్‌గానే నడిచింది. చివరికి గదికో కుటుంబం ఇరుక్కుని బతికే పాత కొంపయింది. 1965 డిసెంబరులో కూల్చేశారు. ఆ స్థలంలో పెనిన్సులా హోటల్ లేచింది. దేశం పుట్టి నాలుగు నెలలు. జనం మురికివాడల్లో ఉన్నారు, వాళ్ళకి ఇళ్ళివ్వడం ముందు, పాత గోడలు తర్వాత. ఆనాటివాళ్ళని తప్పుపట్టలేను, వాళ్ళు కట్టిన హెచ్‌డీబీ ఇంట్లో కూర్చునే ఇది రాస్తున్నాను. ఇంచుమించు అదే సమయంలో, కోల్‌మన్ పుట్టిన దేశంలో, డబ్లిన్ ఫిట్జ్‌విలియం స్ట్రీట్‌లో ప్రభుత్వ కరెంటు సంస్థ తన ఆఫీసు కోసం పదహారు జార్జియన్ వరస ఇళ్ళు పడగొట్టింది. జనం గొడవచేసినా ఆగలేదు. వరసలో మధ్య పళ్ళు రాలినట్టయిన ఆ వీధి గురించి ఐర్లండ్‌లో ఇప్పటికీ మాట్లాడుకుంటారు.

సింగపూర్ 1971లో స్మారక కట్టడాల బోర్డు పెట్టింది. 1973లో మొదటి విడతగా ఎనిమిది కట్టడాలని రక్షించింది. వాటిలో ఆర్మీనియన్ చర్చి ఉంది, సౌత్ బ్రిడ్జ్ రోడ్డు మీది మన మారియమ్మన్ గుడీ ఉంది. వరస ఇళ్ళ వంతు 1989లో వచ్చింది. చైనాటౌన్, లిటిల్ ఇండియా, కంపోంగ్ గ్లామ్, బోట్ కీ వీధులకి వీధులే కాపాడే జాబితాలో చేరాయి. ఇవాళ అలాంటి భవనాలు ఏడు వేలు దాటాయి. వాటిలో చాలావాటి లోపల బార్లు, ఆఫీసులు. ముఖం ఉంచి కడుపు మార్చారని కొందరికి కోపం. నాకూ కొంత ఉంది. కానీ కోల్‌మన్ లెక్క చూస్తే, నిలిచినవన్నీ ఎవరో ఒకరు వాడుతూ, కప్పు కారితే డబ్బు పెట్టినవే. కోర్టు వాడింది, సన్యాసినులు వాడారు, ఆర్మీనియన్లు వాడారు. సొంతదారుడు పోయి, అద్దెలు తిని వదిలేసినది కూలింది, అదే ఆయన సొంతిల్లు.

ఇది నాకు వట్టి చరిత్ర కాదు. పాలకొల్లు దగ్గర పల్లెలో మా అత్తగారి తరఫు మండువా ఇల్లుంది. అన్నదమ్ములు ముగ్గురు, ముగ్గురూ మూడు చోట్ల. అపార్ట్‌మెంటు కడతామని ఒకాయన బేరానికొచ్చాడు, సంక్రాంతికి తేల్చాలి. వాట్సాప్‌లో పెద్ద బావగారు అమ్మేద్దామంటారు, మా ఆయన వద్దంటారు, వద్దనేవాళ్ళు వెళ్ళి ఉండేదీ లేదు. నేను చెప్పింది ఒకటే. తాళం వేసి ఉంచితే అమ్మినా అమ్మకపోయినా పదేళ్ళలో పోతుంది. ఊళ్ళో చిన్న పిల్లల బడి నడిపే ఆవిడ అడుగుతోంది, తక్కువ అద్దెకిద్దాం, పెంకు మార్పించే ఖర్చు ముగ్గురూ ఏటా పంచుకుందాం. బావగారు ఇంకా జవాబివ్వలేదు.

స్కూలు సెలవుల్లో పిల్లల్ని తీసుకెళ్ళాలనుకుంటే సగం రోజు చాలు. క్రాంజీ స్టేషన్లో ఎర్ర లైను ఎక్కితే మారకుండా సిటీ హాల్. ముందు చైమ్స్‌లో కాల్డ్‌వెల్ ఇల్లు, అక్కడినుంచి హిల్ స్ట్రీట్ మీద ఆర్మీనియన్ చర్చి, తర్వాత కోల్‌మన్ స్ట్రీట్ వెంట పెనిన్సులా ముందు నుంచి నది వైపు ఆర్ట్స్ హౌస్. దాని ముందు సయాం రాజు ఇచ్చిన కంచు ఏనుగుంటుంది, పిల్లలు అక్కడ ఆగిపోతారు. ఓపికుంటే ఫోర్ట్ కానింగ్ ఎక్కండి. పాత శ్మశానం ఇప్పుడు పచ్చిక మైదానం, సమాధిరాళ్ళని ఇటుక గోడల్లో పొదిగారు. అక్కడ రెండు చిన్న గుమ్మటాలున్నాయి, అవీ కోల్‌మన్ గీసినవేనంటారు. ఎండగా ఉంటే వాటి నీడలో కూర్చుని పులిహోర తినొచ్చు, మేం అదే చేశాం.